కూర్చోని మనిషి, పడుకున్న సీసాలు

ఆయన పోయారన్న కబురు తెలిసేసరికి నేను కూర్చుని ఉన్నాను. సింగపూరులో, బుకిట్ పంజాంగ్ ఎల్ఆర్‌టీ రైల్లో, కిటికీ పక్కన, కాలు మీద కాలేసుకుని, ఒళ్ళో ఆనపకాయ పెట్టుకుని మరీ. మా బ్లాకు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, గులాబీ పువ్వుతో వచ్చిన గుడ్ మార్నింగుకీ, పాత కుక్కరు అమ్ముతామన్న ప్రకటనకీ మధ్య ఇరుక్కుని వచ్చింది ఆ వార్త. చదవగానే లేచి నిలబడ్డాను. ఆయన పోయిన సంగతి కూర్చుని తెలుసుకోవడమంటే ఆయన్ని ఆఖరిసారి వెక్కిరించినట్టే అనిపించింది. ఖాళీ సీటు పక్కనే ఆనపకాయని ఎత్తుకుని నిలబడ్డ నన్ను ఎదుటి చైనా మామ్మగారు జాలిగా చూసి, సీటు తట్టి మరీ చూపించింది. నేను కదల్లేదు. నా స్టేషను వచ్చింది, పోయింది. బండి మా పేటని ఒక చుట్టు చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ రోజు నేను రెండు చుట్లు తిరిగాను, నిలబడే.

మా పేటలో పిల్లలు ఆయన్ని బ్యారల్ అంకుల్ అనేవారు. పెద్దవాళ్ళం పీపాల అంకుల్ అనేవాళ్ళం. ఈ ఊళ్ళో మనకంటే ఒక్క రోజు ముందు పుట్టిన ప్రతివాడూ అంకులే కాబట్టి, అప్పటికే నడినెత్తిన వెన్నెల కాస్తున్న నేను కూడా ఏ మొహమాటమూ లేకుండా అంకుల్ అనే పిలిచేవాణ్ణి. పదకొండేళ్ళు ఎరుగుదును ఆయన్ని. ఈ పదకొండేళ్ళలో ఆయన కుదురుగా కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారికీ కారణం నేనే. ఇదంతా ఆ సంగతి చెప్పడానికే.

ఆయన కూర్చోకపోవడం మామూలు కూర్చోకపోవడం కాదు. లిఫ్టు మీట పదకొండుసార్లు నొక్కి, అది రావడానికి పదిహేను సెకన్లు పడుతుందని తెలిసి, పధ్నాలుగంతస్తులూ మెట్లమీద దిగిపోయేవారు. కింద లిఫ్టులోంచి బయటికొచ్చే మమ్మల్ని చూసి "ఇంతసేపేంటయ్యా, లోపల భోంచేశారా?" అనేవారు. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో అందరిలాగే టిష్యూ పేకెట్టు బల్లమీద పడేసి చోటు చోప్ చేసేవారు, అంటే నాదని ఆపి ఉంచేవారు. ఆ తర్వాత ఆ చోట్లో ఆ పేకెట్టే కూర్చునేది. ఆయన మాత్రం దోసె ప్లేటు అరచేతిలో పెట్టుకుని బల్లల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ తినేవారు. ఆయనతో మాట్లాడాలంటే మనమూ తిరగాలి. ఆయనకి ఒక పెద్ద విషయం చెప్పడానికి వెళ్ళినవాళ్ళు నాలుగు కిలోలు తగ్గి వచ్చిన సందర్భాలున్నాయి. మా ఇంటికి వస్తే సోఫాకీ టీవీకీ మధ్య ఆయన వేసిన బాటలో నేలమీద పలకలు ఒక వరస నున్నబడిపోయాయి. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. హోంవర్కు మీంచి తలెత్తి, "అంకుల్, సిట్ లా! యూ మేకింగ్ మీ డిజ్జీ" అనేది.

"కూర్చుంటానమ్మా, కూర్చుంటా. ఇంకా టైముంది" అనేవారాయన, నడుస్తూ.

ఇంతటి మనిషికి దేవుడు ఇచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కదలకుండా పడుకున్నవాటికి కాపలా. జురాంగ్ అవతల ఒక చిన్న కంపెనీ గోదాములో స్పెయిన్ నుంచి తెప్పించే వైను సీసాలు చూసుకునేవారు. గోదావరి జిల్లా నుంచి బయల్దేరి, ముందు ఎవరి చేపల గోదాములోనో చలికి వణికి, పక్క గోదాములో చలి కాస్త తక్కువని ఇందులో చేరారట. కానీ చేరిన మూడో ఏడు కంపెనీ వాళ్ళు ఆయన్ని రెండు వారాలు స్పెయిన్ పంపించారు, ఆ సీసాలు తయారయ్యే చోటు చూసి రమ్మని. అంతే. మనిషి తిరిగొచ్చాడు గానీ, ప్రాణం అక్కడి నేలమాళిగలోనే ఉండిపోయింది. ఆ రెండు వారాల కథ నాకు ఆయన నాలుగువందల పన్నెండుసార్లు చెప్పారు. ఇందులో అతిశయోక్తి ఉందని మీరనుకుంటే నిజమే, మొదట్లో కొన్నిసార్లు నేను సరిగ్గా వినలేదు.

"అయిదు తరాలయ్యా! ఒకే ఇల్లు, ఒకే పని. కొండ కడుపులోకి తవ్వేసి గుహ చేశారు. అందులో వరసలు వరసలు పీపాలు. పీపా కూడా బయట కొనరు, తెలుసా? ఓక్ చెక్క తెచ్చి, ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడేసి, అప్పుడు నిప్పు మీద వంచి వాళ్ళింట్లోనే చేసుకుంటారు. అందులో పోస్తారు. పోసి వదిలేస్తారా? వదలరు! ఆరు నెలలకోసారి ఈ పీపాలోంచి ఆ పీపాలోకి చేత్తో మారుస్తారు. కొవ్వొత్తి పట్టుకుని, ధార వంక చూస్తూ. మడ్డి కాస్త కనపడిందా, టక్కున ఆపేస్తారు. అలా ఏళ్ళు. తర్వాత సీసాలో మళ్ళీ ఏళ్ళు. పిల్లాడు పుట్టినప్పుడు పోసింది, వాడి మీసాలొచ్చాక అమ్ముతారు!"

"అన్నేళ్ళు వాళ్ళు ఏం చేస్తారండీ?"

"ఆగుతారు" అనేవారు. ఆ ఒక్కమాట చెప్పేటప్పుడు మాత్రం ఒక్క అడుగు ఆగేవారు. వెంటనే మళ్ళీ బయల్దేరేవారు.

ఆ యాత్ర తర్వాత ఆయనకి లోకంలో ప్రతిదీ గ్లాసులో తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడటం అలవాటైంది. మజ్జిగ తిప్పేవారు. కాఫీ తిప్పేవారు. మా ఆవిడ చారు పోస్తే గిన్నెని వెలుతురుకి ఎత్తి, తిప్పి, వాసన చూసి, "బావుందమ్మా, కానీ ఇంకా కుర్రది. రేపు పొద్దున తాగాలి" అని తీర్పు చెప్పేవారు. మా ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయనకి నిన్నటి చారే పోసింది, అభిమానంతోనే అని తన వాదన. ఇంకా కుర్రదే, ఆగాలి అన్నది ఆయన ఊతపదం. కొత్త ఆవకాయ కుర్రది. కొత్తగా వచ్చిన మేనేజరు కుర్రాడు. నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారు మాత్రం ముసలిది, ఆగక్కర్లేదు, అదే ఆగిపోతుంది అన్నారు. అన్న వారానికే ఆగిపోయింది.

ఇక ఆయన బాంబు షెల్టరు. మా బ్లాకులో ప్రతి ఫ్లాటుకీ వంటిల్లు పక్కన ఇనప తలుపుతో, కిటికీ లేని ఒక చిన్న గది ఉంటుంది. యుద్ధం వస్తే దాక్కోవడానికి ప్రభుత్వం కట్టిచ్చింది. యుద్ధం ఆలస్యమయ్యే కొద్దీ తెలుగువాళ్ళు అందులో దేవుణ్ణి పెట్టుకున్నారు. ఆయన మాత్రం సీసాల్ని పడుకోబెట్టారు. పన్నెండు. అన్నీ ఆ ఇంటివే, అన్నీ పాతవే, ఏళ్ళకేళ్ళు బోనసు బదులు ఒక్కోటి చొప్పున కంపెనీని అడిగి తెచ్చుకున్నవి. ఆ గోడలకి మేకు కొట్టకూడదని రూలు కాబట్టి, సీసాల చెక్క అర గోడని అంటకుండా నాలుగు కాళ్ళమీద కాస్త ఊగుతూ ఉండేది. గది చల్లబడాలని ఒక చిన్న ఏసీ యంత్రం పెట్టి, అది వదిలే వేడిగాలి గొట్టాన్ని వంటింట్లోకి తిప్పారు. ఆయన భార్య, మా ఆంటీ, పొయ్యి దగ్గర నించుని చెంగుతో విసురుకుంటూ, "ఈయన సీసాలకి ఊటీ, నాకు రెంటచింతల" అనేది. దేవుడి మందిరం హాల్లో షూ స్టాండు పక్కకి చేరింది. దానికి ఆవిడ ఆయన్నీ ఆ స్పెయిన్ దేశాన్నీ ఎప్పుడూ క్షమించలేదు.

ఆ గదిలో ఒక సాలీడు ఉండేది. దాన్ని కదపనిచ్చేవారు కాదు. "అక్కడి గుహల్లో సాలెగూళ్ళు ముట్టుకోరయ్యా. కార్కు తొలిచే పురుగుల్ని తింటాయి. అది మా స్టాఫు" అనేవారు. సీసాల మీద దుమ్ము కూడా తుడవనిచ్చేవారు కాదు. దుమ్ము అంటే సీసా కదల్లేదని సాక్ష్యమట.

ఏడేళ్ళ కిందట, ఉగాదికి ముందు, స్పెయిన్‌లోని ఆ వైను ఇంటి ఆడపడుచు సింగపూరు వస్తోందని తెలిసింది. యాభై దాటిన మనిషి, ఇప్పుడు ఆ పీపాలన్నిటికీ ఆవిడే పెద్ద. కంపెనీ పనిమీద వస్తూ, ఆయనకి విడిగా ఒక ఉత్తరం రాసింది. ఆవిడ నాన్న చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆ పెద్దాయన ఇంటి పగ్గాలు చేపట్టిన మొదటి ఏడాది చేసిన వైను ఒక్క సీసా కూడా ఇప్పుడు వాళ్ళింట్లో లేదు. అతిథులకి పోసీ పోసీ అయిపోయింది. మీ దగ్గర ఒకటుందని ఎప్పుడో రాశారు కదా, అని అడిగింది. అమ్మమని కాదు. ఒక్క గుక్క రుచి చూస్తానని.

ఆ ఉత్తరం చదివాక ఆయన నడక వేగం రెట్టింపయింది. కారిడార్లో ఆయన ఎదురొస్తే గాలికి ముగ్గులు చెదిరేవి. "ఉంది! పై అరలో, ఎడమ నించి మూడోది. ఉగాదినాడు భోజనానికి రమ్మన్నా. వాళ్ళ నాన్నని నేను చూశానయ్యా. నాకు కొవ్వొత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆ పిల్ల చేతికి ఆ గ్లాసు ఇచ్చేస్తే, నా బాకీ తీరిపోతుంది" అన్నారు. ఏ బాకీ అని అడిగేలోపు మెట్లు దిగిపోయారు.

తర్వాత మూడు రోజులు ఆయన కంపెనీ పనిమీద మలేషియా వెళ్ళారు. తప్పు అక్కడ మొదలైంది.

ఉగాది వస్తోందంటే మన ఇళ్ళలో ఏం చేస్తారు? బూజు దులుపుతారు. ఆంటీకి ఆర్నెల్లుగా కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. అందుకని మా ఆవిడ సాయానికి బయల్దేరింది, బరువులెత్తడానికి నన్ను వెంటేసుకుంది. హాలు అయింది, వంటిల్లు అయింది. అప్పుడు ఆంటీ ఇనప తలుపు తెరిచి, పదిహేనేళ్ళ పగని కళ్ళలో నింపుకుని, "ఆయన ఊళ్ళో లేరు. ఇంతకంటే మంచి ముహూర్తం మళ్ళీ రాదు. పరాయిదేశపు మనిషి పండగపూట ఇంటికొస్తోంది, ఈ దరిద్రం చూస్తే ఏవనుకుంటుంది?" అంది.

మా ఆవిడ చీపురు ఒక్కసారి తిప్పింది. స్టాఫు పరలోకానికి వెళ్ళిపోయింది. సీసాలు నా వాటా. పన్నెండింటినీ ఒక్కోటీ సింకులో పెట్టి, సబ్బు రాసి, స్టీలు పీచుతో నేను తోమిన తోముడు నా జన్మలో మా ఇంటి గిన్నె ఒక్కటీ ఎరగదు. లేబుళ్ళు మెత్తబడి, అరటితొక్కల్లా జారి, సింకు జాలీలో ఉండ కట్టాయి. అవి పాడైపోయిన పాత కాగితాలనే అనుకున్నాను, దేవుడి తోడు. తుడిచి, అద్దాల్లా మెరిపించి, ఏది ఎక్కడిదో చూసుకోకుండా అరలో నిలువుగా బారులు తీర్చాను. ఆంటీ చూసి మురిసిపోయింది. ఏమనుకుందో, పసుపూ కుంకుమా తెచ్చి ఒక్కో సీసా భుజమ్మీద బొట్టు పెట్టింది. "ఏదైతేనేం, ఇన్నాళ్ళూ మాకు అన్నం పెట్టినవే కదా బాబూ" అంది. పన్నెండు సీసాలూ పేరంటానికి వచ్చిన ముత్తయిదువల్లా నిలబడ్డాయి.

ఆయన పండగకి రెండు రోజుల ముందు పొద్దున్నే దిగారు. నేను అక్కడే ఉన్నాను, మెచ్చుకుంటారని. సూటుకేసు ఇంకా చేతిలోనే ఉంది. ఇనప తలుపు తెరిచారు. చూశారు.

"ఎవరు తోమారు?"

గొంతు పెద్దదేం కాదు. నేను నోరు తెరిచాను. మాట మాత్రం గొంతులో ఎక్కడో చెప్పులు వెతుక్కుంటోంది. ఈలోగా ఆంటీ, నావంక చూడకుండా, "నేనే. పండగ కదా" అంది.

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద పని అది, నోరు మూసుకోవడం. అప్పుడు ఆయన సూటుకేసు కింద పెట్టి, ఆవకాయ జాడీల పక్కనున్న పీట లాక్కుని, దానిమీద కూర్చున్నారు.

కూర్చున్నారు! మా ఆవిడ గుండెపోటేమోనని అంబులెన్సు నంబరు వెతికింది. ఆంటీ మంచినీళ్ళు తెచ్చింది. ఆయన నీళ్ళు తాగి, గ్లాసుని తిప్పడం మర్చిపోయి, అలాగే ఇచ్చేశారు. అది చూసి ఆంటీ ఏడ్చేసింది.

సంగతేమిటంటే, పన్నెండు సీసాలూ ఒకే ఆకారం, ఒకే ఆకుపచ్చ. లేబులు లేకపోతే ఏది ఏ ఏడాదిదో చెప్పేందుకు ఇంకేమీ లేదు. "కార్కు మీద రాసుండదా అంకుల్?" అన్నాను. ఆ కాలంలో కార్కు మీద ఇంటి గుర్తు తప్ప ఏడాది వేసేవారు కాదట. రంగు చూసి చెప్పొచ్చు, పాతదయ్యే కొద్దీ ఎరుపు పలచబడి ఇటికరంగులోకి తిరుగుతుంది. కానీ తోముడుకి సీసాలు ఊగి లోపలి మడ్డంతా లేచిపోయింది. అది అడుక్కి దిగితేగానీ రంగు తేలదు. పాతదాని మడ్డి బరువు, అది ముందు దిగుతుంది. కాబట్టి ఏది ముందు తేటపడుతుందో కనిపెట్టాలి. కనిపెట్టాలంటే అక్కడే ఉండాలి. ఉంటే నడవకూడదు, నడిస్తే మేకుల్లేని ఆ అర ఊగుతుంది.

అలా సింగపూరు దేశంలోకెల్లా స్థిమితం లేని మనిషి రెండు పగళ్ళు బాంబు షెల్టర్లో పీటమీద కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండే గది, అరచేయంత కొవ్వొత్తి, ఎదురుగా బొట్లు పెట్టుకున్న పన్నెండు సీసాలు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. ప్రాయశ్చిత్తం అని ఆఫీసులో రాయలేక, జ్వరం అని రాశాను. ఆయన కుడికాలు మాత్రం తాళం వేస్తూనే ఉంది. కాసేపటికి మోకాలిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకున్నారు, పారిపోబోయే కోడిని పట్టుకున్నట్టు.

చాలాసేపటి తర్వాత, సీసాల వంకే చూస్తూ అన్నారు. "నాకు కూర్చోవడమంటే భయమయ్యా."

"అదేంటి అంకుల్?"

"సీసా కదిలితే మడ్డి లేస్తుంది. మనిషి కదలకపోతే లేస్తుంది. అందుకే తిరుగుతుంటా."

ఏం మడ్డి అని నేను అడగలేదు. నాలాగా హాస్యాలు రాసుకునేవాడికి ఇలాంటప్పుడు ఏదో ఒకటి అనాలని చెయ్యి దురద పెడుతుంది. అనలేదు. చెప్పాల్సింది ఒకటే ఉంది నా దగ్గర, 'తోమింది నేను' అని. మూడుసార్లు నాలిక చివరిదాకా వచ్చింది. మూడుసార్లూ "టీ తెమ్మంటారా?" అని బయటికొచ్చింది. ఆ రోజు ఆయన మూడు టీలు తాగారు.

రెండోరోజు సాయంత్రానికి పన్నెండూ తేటపడ్డాయి. కొవ్వొత్తి ఒక్కోదాని వెనక పెట్టి చూశారు. పది పక్కకి జరిపారు. రెండు మిగిలాయి. ఆ రెండింటికీ మాత్రం తేడా పట్టుకోలేకపోయారు. "ఈ రెండింట్లో ఒకటి. ఒట్టేసి చెప్తా. కానీ ఏదో చెప్పలేను" అన్నారు. అంతవరకూ వచ్చి ఆగిపోయారు.

ఉగాదినాడు ఆవిడ వచ్చింది. మడమల్లేని చెప్పులు, కత్తిరించిన తెల్లజుట్టు, చేతిలో ఆర్కిడ్ పువ్వులు. ఆవిడ చెప్పులు విప్పకముందే, గుమ్మంలో వెనక్కి వెనక్కి నడుస్తూ ఆయన జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పేశారు. సబ్బూ, స్టీలు పీచూ, అన్నీ. తోమినవాళ్ళ పేరు మాత్రం చెప్పలేదు. "మా ఇంట్లో పొరపాటు జరిగింది" అన్నారంతే.

ఆవిడ బల్లమీద ఉన్న రెండు సీసాలనీ చూసి, పసుపు బొట్టుని వేలితో తాకి, ఇదేమిటని అడిగింది. ఆంటీ మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి ఆలోచించి, "రెస్పెక్ట్, లా" అంది. ఆవిడ తలాడించింది.

ఆయన రెండూ తెరిచారు. రెండు గ్లాసుల్లో పోశారు. ఆవిడ మొదటిది రుచి చూసింది. రెండోది రుచి చూసింది. మేమందరం ఊపిరి బిగబట్టాం. ఫ్యాను కూడా నెమ్మదించిందని నా నమ్మకం. ఆవిడ తలెత్తి, తనకి తెలియదంది. ఆ ఏడాది తనకి నాలుగేళ్ళు. ఆ వైను తనెప్పుడూ రుచి చూడలేదు. అందుకే కదా వచ్చింది! మీరు చెప్పండి, ఏది? అంది.

ఆయనా ఎప్పుడూ రుచి చూడలేదు. అంటే ఆ గ్లాసుని గుర్తుపట్టగల మనిషి ఆ గదిలో లేడు. నేను ఆయన వెనక చేరి, తెలుగులో, పెదాలు కదపకుండా, "అంకుల్, ఏదో ఒకటి అనేయండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆయన నావంక తిరిగి, "ఏడాది మీద అబద్ధమాడాక ఇంక లేబులు దేనికయ్యా?" అన్నారు. ఆవిడతో, "రెండింట్లో ఒకటి మీ నాన్నగారిది. ఏదో నాకు తెలీదమ్మా. మాట నిలబెట్టుకోలేకపోయాను" అన్నారు. అమ్మా అన్నది తెలుగులోనే అన్నారు.

ఆవిడ కాసేపు ఆ రెండు గ్లాసుల మధ్య ఖాళీని చూసింది. తర్వాత ఒక గ్లాసెత్తి రెండోదాంట్లోకి వంచేసింది.

ఆయన "హా!" అన్నారు. అభిషేకంలో పాలకి బదులు కిరసనాయిలు పోసినా అంత కేక రాదు. ఏళ్ళ తరబడి విడివిడిగా ఆగినవి! ఏడాదికి ఏడాదిని కలపడమే! ఆవిడ మాత్రం గ్లాసు తిప్పుతూ, ఇప్పుడు మా నాన్న ఇందులో తప్పకుండా ఉన్నాడు కదా అంది.

"ఉగాది పచ్చడి చేసినట్టు చేసేసిందండీ!" అంది ఆంటీ, గిన్నెలో పచ్చడి తెస్తూ.

ఆవిడ ఒక గుక్క తాగింది. తాగి, కుర్చీలోంచి లేచింది. గ్లాసు పట్టుకుని హాల్లో ఆ చివరికి వెళ్ళింది, ఈ చివరికి వచ్చింది. చాల్లేదు. తలుపు తీసుకుని కారిడార్లోకి వెళ్ళింది. ఆయన వెనకే వెళ్ళారు. మేం గుమ్మంలోంచి చూశాం. పధ్నాలుగో అంతస్తులో, ఆరేసిన బట్టల పక్కనించి, తులసి కుండీల పక్కనించి, ఇద్దరూ పక్కపక్కన లిఫ్టుదాకా వెళ్ళడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. గ్లాసు చేతులు మారుతోంది. మూడో చుట్టులో మేమున్న గుమ్మం దాటుతుండగా ఆవిడ అంటున్నది వినిపించింది, మా నాన్న కూడా ఇంతే, ఒక్కచోట కూర్చునేవాడు కాదు, అని. ఆయన జవాబు మాకు వినపడలేదు. కానీ ఆ తర్వాత ఆయన నడక కాస్త నెమ్మదించింది. ఒక అరడుగు. కొలిచి చెప్తున్నాను.

ఆవిడ వెళ్ళిన వారానికి ఆయన మా ఇంటికొచ్చారు, చంకలో ఒక సీసాతో. మిగిలిన పదింట్లో ఒకటి. బొట్టు ఇంకా అలాగే ఉంది.

"ఇది నీది. తోమినవాడికి కూలి ఇవ్వాలి కదా!"

నేను సీసా అందుకోవడం మర్చిపోయాను. "మీకు... ఎప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దున్నే. మీ ఆంటీకి చెయ్యి చెవిదాకా లేవదు. పై అరలో సీసాలు దించి, తోమి, మళ్ళీ పెట్టిందా? అబద్ధమాడినా అందేంత ఎత్తులో ఆడాలి."

"మరి ఆ రెండు రోజులూ నాతో ఒక్కమాట..."

"నువ్వే చెప్తావని ఆగా" అన్నారు. "మూడుసార్లు దగ్గరదాకా వచ్చావు కూడా. టీలతో కడుపు పాడైంది." అని, సోఫాకీ టీవీకీ మధ్య నాలుగడుగులు వేసి, "ఏ ఏడాదిదో తెలీదు. గంటసేపు లేవకుండా కూర్చోగలిగిన రోజున తెరువు. అప్పటిదాకా పడుకోబెట్టు, నిలబెట్టకు. మళ్ళీ తోమకు" అని చెప్పి, లిఫ్టు కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

వార్త తెలిసిన రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాం. ఆంటీ హాల్లో ఉంది, చుట్టూ మా బ్లాకు ఆడవాళ్ళు. నన్ను చూసి, "ఆఖరి మూడు రోజులూ నర్సులకి చుక్కలు చూపించారు బాబూ. సెలైను స్టాండు నెట్టుకుంటూ వార్డంతా తిరిగేవారు. పడుకోండంటే, ఇంకా టైముందమ్మా అనేవారు" అంది. నవ్వబోయింది, కుదర్లేదు. కాసేపటికి లేచి నన్ను వంటింటివైపు తీసుకెళ్ళి ఇనప తలుపు తెరిచింది. పొయ్యి దగ్గర వేడిగాలి గొట్టం ఇంకా ఊదుతూనే ఉంది. అరలో తొమ్మిది సీసాలు, లేబుళ్ళు లేకుండా, పడుకుని ఉన్నాయి. వాటిమీద సన్నగా దుమ్ము. మూలన, పై అరకీ గోడకీ మధ్య, ఒక కొత్త సాలెగూడు.

"రెండేళ్ళ కిందట వచ్చిందిది. ఈ ఉగాదికి కూడా దులపలేదు" అంది ఆంటీ. తలుపు మెల్లిగా, చప్పుడు కాకుండా మూసింది.

ఇంటికొచ్చి, మా ఏసీ గది బీరువాలో చలికోట్ల మధ్య ఏడేళ్ళుగా పడుకున్న సీసాని తీసి బల్లమీద పెట్టాను. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. ఫోను పక్కగదిలో పెట్టాను. గడియారం చూసుకుని కూర్చున్నాను. అయిదు నిమిషాలు బాగానే గడిచాయి. ఏడో నిమిషంలో ఆనపకాయ ఎల్ఆర్‌టీలో మర్చిపోయానని గుర్తొచ్చింది. తొమ్మిదో నిమిషంలో నా కుడికాలు తాళం వేస్తోందని తెలిసింది, ఎడంచేత్తో పట్టుకున్నాను. పదకొండో నిమిషంలో, బొట్టు పెట్టిన ఆ సీసా వంక చూస్తుండగా, నా లోపల అడుగున ఎక్కడో ఏదో కదిలి, నెమ్మదిగా పైకి రావడం మొదలెట్టింది. ఆయన ముందు మూసుకున్న నోరు, టీ తెమ్మంటారా అన్న నా గొంతు.

లేచాను. హాల్లో ఆ చివరికి వెళ్ళాను, ఈ చివరికి వచ్చాను. నున్నబడ్డ పలకల వరస కాళ్ళకి తెలుస్తోంది. మా అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్ళు. పుస్తకం మీంచి తలెత్తి చూసింది. "నాన్నా, సిట్ లా" అంది, మెల్లిగా.

"కూర్చుంటానమ్మా" అన్నాను. సీసాని తీసుకెళ్ళి చలికోట్ల మధ్య మళ్ళీ పడుకోబెట్టాను. దాని వయసెంతో నాకు తెలీదు. నేను మాత్రం ఇంకా కుర్రాణ్ణే. ఆగాలి.